కాలు తగిలిన ఆట

నాకు కూర్చుంటే కాలు ఊపే అలవాటు. పెళ్ళైన వారానికే మా అత్తగారు కనిపెట్టేసి, "కాలూపమాక అమ్మాయ్, ఇంటికి మంచిది కాదు" అని మొదలుపెట్టారు. నరసరావుపేటలో చెప్పారు, బ్రిస్బేన్ వచ్చి కూడా చెప్పారు. ఆవిడ చూస్తున్నంతసేపూ ఆపుతాను, అటు తిరగ్గానే మళ్ళీ ఊపుతాను. ఇంత చిన్న సంగతి ఒకరోజు నలుగురి మధ్య నా పరువు తీయబోతుందని కలలో కూడా అనుకోలేదు.

రెండువేల సంవత్సరం అది. మేమిద్దరం స్కిల్డ్ వీసా మీద వచ్చి రెండేళ్ళు కావస్తోంది. మా ఆయనకి బ్యాంకులో పని. నేను ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో వైటూకే పని చేసేదాన్ని. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలుగా రాసిన సంవత్సరాలని నాలుగంకెలు చేయడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. లోకమంతా ఆగిపోతుందని భయపెట్టిన ఆ జనవరి ఒకటో తారీఖు ఏమీ కాకుండా గడిచిపోయింది. ఏమీ కాకపోవడమే కదండీ మా పనితనం! ఎవరు మెచ్చుకున్నారు? ఇక్కడి జనవరి ఎండలు తగ్గేలోపే కేకు కోసి, చేతులు కలిపి, నన్ను ఇంటికి పంపించేశారు.

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేది. బెండకాయలనీ కొత్తిమీరనీ వంక పెట్టుకుని రోజూ సన్నీబ్యాంక్ అనే పేటలోని షాపులకి వెళ్ళేదాన్ని. అక్కడి ఫుడ్ కోర్టులో, నూడుల్స్ కొట్టు పక్కనున్న బల్ల దగ్గర, ఒక పెద్దావిడ ఒక్కరే కూర్చుని చెక్కపలక మీద నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ పేర్చుకుంటూ ఉండేవారు. తైవాన్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన పియానో టీచరు, అప్పటికే రిటైరయ్యారు. కొన్నాళ్ళు దూరం నుంచి చూసి, ఒకరోజు ఇంక ఉండబట్టలేక ఎదురుగా కూర్చుని, "ఆంటీ, ఇదేం గేమ్?" అని అడిగేశాను.

ఈ ఆట పేరు 'గో' అన్నారు. పలక మీద అడ్డంగా నిలువుగా గీతలుంటాయి. గీతలు కలిసేచోట రాయి పెట్టాలి, పెట్టిన రాయిని కదపకూడదు. ఎవరు ఎక్కువ జాగా చుట్టుకుంటే వాళ్ళది గెలుపు. వినడానికి మన పులిజూదం కన్నా తేలిగ్గా ఉంటుంది, కూర్చుని ఆడితే తల వేడెక్కిపోతుంది. ఆంటీ నాకు ఎత్తుల కన్నా ముందు మర్యాద నేర్పారు. ఓడిపోయామని తెలిశాక ఆటని సాగదీయకూడదట. ఎదుటి మనిషికి తల వంచితే చాలు, నోరు తెరవక్కర్లేదు, ఆట ముగిసినట్టే. మొదటి రెండు నెలలూ నేను బాగా నేర్చుకున్నది ఆ తల వంచడం ఒక్కటే.

అంతలో మా అత్తగారు విజిటర్ వీసా మీద దిగారు. హాల్లో బల్ల మీద రాళ్ళ గిన్నెలు చూసి, "ఎం.సి.ఏ. చదివి గులకరాళ్ళతో ఆటలేందమ్మా?" అన్నారు. ఒళ్ళు మండింది. పైకి అనలేదు గానీ, పప్పులో తాలింపు ఆరోజు కాస్త గట్టిగానే చిటపటలాడింది. ఆంటీ మా ఇంటికి ఆడటానికి వచ్చినప్పుడు మాత్రం ఈవిడే పెసరట్లు పోసి, ఒకదాని మీద ఒకటి వేసి పెట్టారు. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ చేతులతో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకునేవారో ఆ దేవుడికే తెలియాలి.

ఒకరోజు ఆంటీ వెళ్ళాక మా అత్తగారు, "ఆవిడకి చూపు ఆనట్లేదే అమ్మాయ్. మంచినీళ్ళ గ్లాసు కోసం బల్లంతా తడిమింది, చూశావా?" అన్నారు. నేను చూడలేదు. ఎప్పుడూ పలక వైపే చూస్తూ, ఎదురుగా కూర్చున్న మనిషిని చూడలేదు. మర్నాడు సన్నీబ్యాంక్‌లో అడిగితే ఆంటీ దాచలేదు. కంటిలోపలి నరం ఎండిపోతోందట, ఆపరేషన్లతో బాగయ్యేది కాదట, ఏడాది తిరిగేసరికి నల్లరాయేదో తెల్లరాయేదో తెలియకపోవచ్చని డాక్టరు చెప్పారట. పియానో పాఠం చెప్పినంత మామూలుగా చెప్పారు. తర్వాత ఒక కోరిక చెప్పారు. ఈ ఊరొచ్చిన ఇన్నేళ్ళలో ఆడవాళ్ళ జట్టు కట్టడానికి ముగ్గురు ఎప్పుడూ దొరకలేదట. ఆ శీతాకాలం బ్రిస్బేన్‌లోనే ఆడవాళ్ళ అంతర్జాతీయ జట్ల పోటీ ఉంది. రాళ్ళ రంగు తెలుస్తుండగా, జట్టుగా ఒక్క మ్యాచ్ గెలవాలి. కప్పు వద్దు, ఒక్క మ్యాచ్ చాలు.

ఆ రాత్రి అన్నాలప్పుడు ఈ సంగతి చెబితే మా అత్తగారు లేచి నా కంచం కూడా తనే తీసి సింకులో పెట్టారు. తర్వాత, "అయితే ఆ రాళ్ళాట సరిగ్గా నేర్చుకో. అంట్లు నేను చూసుకుంటాలే" అన్నారు.

జట్టు అంటే ముగ్గురు: ఆంటీ, యూనివర్సిటీలో చదువుకునే కొరియా అమ్మాయి, నేను. మూడు బోర్డుల మీద ముగ్గురూ ఒకేసారి ఆడాలి. రెండు బోర్డులు గెలిచిన జట్టుది మ్యాచ్. జపాన్ నుంచీ కొరియా నుంచీ న్యూజిలాండ్ నుంచీ క్లబ్బుల వాళ్ళొచ్చారు. ఆటలు జరిగింది సన్నీబ్యాంక్ దగ్గరే ఒక కమ్యూనిటీ హాల్లో. ఒక మూల టీ కాగుతుంటే, బయట ఎవరో బార్బెక్యూ పొయ్యి పెట్టి ఉల్లిపాయలు వేయిస్తున్నారు. మా అత్తగారు స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలో స్థిరపడ్డారు.

శనివారం రెండు మ్యాచ్‌లూ పోయాయి. రెండిట్లోనూ ఆంటీ గెలిచారు. రెండిట్లోనూ కొరియా పిల్లా నేనూ ఓడాం. ఆంటీ ముఖం చూడాలంటే సిగ్గేసింది. ఆదివారం ఆర్వో, అంటే ఇక్కడి భాషలో మధ్యాహ్నం, ఆఖరి మ్యాచ్, జపాన్ క్లబ్బుతో. మొదలవకముందు ఆంటీ నా భుజం తట్టి, "నీ ఆట నువ్వు ఆడు" అన్నారు.

కొరియా పిల్ల త్వరగానే ఓడిపోయి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది. ఆంటీ పలక మీదికి ముక్కు తగిలేంత వంగి, ఒక్కో గీతా వెతుక్కుంటూ ఆడారు. ఎదుటావిడ ఎంత ఓపికగా కూర్చున్నారో! చివరికి ఆవిడే తల వంచారు. ఆంటీ గెలిచారు. ఇంక మిగిలింది నా బోర్డు. అదేం విచిత్రమోగాని, ఆ రోజు నేను గెలుస్తున్నాను. నా ఎదురుగా ఉన్నావిడకి మా అమ్మ వయసుంటుంది, ముత్యాల దండ వేసుకుని నిటారుగా కూర్చున్నారు. ఇద్దరికీ టైమ్ అయిపోయి, ఎత్తుకి అర నిమిషం చొప్పున గడియారం కూస్తోంది. నా జాగా మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాదే కాస్త ఎక్కువ.

ఆ సంతోషమో ఆ కంగారో, బల్ల కింద నా కాలు ఊగడం మొదలుపెట్టింది. ఊగి ఊగి వెళ్ళి ఆవిడ కాలికి ఠప్పున తగిలింది.

ఏం చేస్తామండీ, మనవాళ్ళకి కాలు తగిలితే చెయ్యి ఆగుతుందా? పుస్తకానికి తగిలినా, చాటకి తగిలినా, మనిషికి తగిలినా, ముందు చెయ్యి వెళ్తుంది, బుర్ర తర్వాత వస్తుంది. బల్ల మీదుగా వంగి ఆవిడ మోచేతిని తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుని, తల వంచి దండం పెట్టాను.

ఆవిడ ఒక్క క్షణం నా వంక చూశారు. చూసి, తనూ నిండుగా తల వంచి నమస్కరించి, చెయ్యి చాచి గడియారం ఆపేశారు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. నా ఎత్తు వేయాల్సిన సమయంలో నేను తల వంచాను. ఆట ఒప్పేసుకున్నానని ఆవిడ అనుకున్నారు. "నో, నో, నో!" అని లేచి నిలబడ్డాను. వెనక కొరియా పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్క బోర్డు దగ్గర ఆంటీ మా వైపు తిరిగి, ఏం జరిగిందో కనబడక, "అయిపోయిందా? ఎవరు గెలిచారు?" అని అడుగుతున్నారు. ఆ ముఖం చూసి నాకు ఏడుపొక్కటే తక్కువ.

రిఫరీ వచ్చారు. నిక్కరూ మోకాళ్ళ దాకా సాక్సులూ వేసుకున్న ఆస్ట్రేలియా పెద్దాయన, రూలంటే రూలే అనే రకం. జపాన్ ఆవిడ, పాపం, ఉన్నదే చెప్పారు, వాళ్ళ జట్టులో ఒకమ్మాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది: "ఆమె తల వంచారు, నేనూ వంచాను." నన్నడిగితే, "మా దాంట్లో కాలు తగిలితే అలా చేస్తాం సర్, అది రిజైన్ కాదు" అన్నాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారా! ఆయన గడ్డం గోక్కున్నారు. "చూడమ్మా, ప్రతివాళ్ళూ ఓడాక ఏదో ఒకటి చెబుతారు. నేను చూడలేదు. తల వంచిన మాట నిజమేనా?" నిజమే. కాదని ఎలా అనను?

అప్పుడు గోడ పక్క నుంచి మా అత్తగారు లేచొచ్చారు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, కుర్చీల మధ్య నుంచి విసవిసా వచ్చి, "ఏందంట? ఏమంటాడంట ఆయన?" అన్నారు. "కాలు తగిలి దండం పెడితే ఓడిపోయానంటున్నారు అత్తయ్యా" అన్నాను. ఆవిడ రిఫరీని ఎగాదిగా చూసి, "ఇదేం చోద్యం!" అంటూ ఒక అడుగు ముందుకేశారు. వేసిన అడుగు సరాసరి ఆయన బూటు మీద పడింది.

"అయ్యో అయ్యో, నాయనా!" అంటూ గభాలున వంగి ఆయన మోచెయ్యి తాకి, కళ్ళకద్దుకుని, తల వంచి దండం పెట్టారు. అచ్చం నేను చేసినట్టే. తర్వాత, ఆయనకి దెబ్బ తగిలిందేమోనని కాబోలు, బూటు వంక జాలిగా చూశారు.

ముందు నవ్వింది జపాన్ ఆవిడే. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వి, వాళ్ళ జట్టు అమ్మాయితో ఏదో చెప్పారు. "ఆమె ఎందుకు ఒప్పుకున్నారా అని నాకూ ఆశ్చర్యంగా ఉంది, ఓడిపోతున్నది నేను కదా. ఆట కొనసాగిద్దాం" అన్నారట. రిఫరీ తన బూటు చూసుకుని, మా అత్తగారిని చూసి, నన్ను చూసి, "ఫెయిర్ ఇనఫ్" అని గడియారం మళ్ళీ నడిపించారు.

రెండు కాళ్ళూ కుర్చీ కోళ్ళకి మెలేసుకుని మిగతా ఆట ఆడాను. చివర్న లెక్క చూస్తే రెండున్నర పాయింట్లతో నాది గెలుపు. హమ్మయ్య! ఆ రెండున్నర వినేసరికి ఒంట్లో ఉన్న బరువంతా దిగిపోయి కుర్చీలోనే కూలబడ్డాను. ఆంటీ తడుముకుంటూ వచ్చి నా రెండు బుగ్గలూ పట్టుకున్నారు. నేను గట్టిగా ఏడ్చేశాను, ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. పులిహోర డబ్బా హాలంతా తిరిగింది. జపాన్ ఆవిడ రెండుసార్లు పెట్టించుకున్నారు.

సాయంత్రం ఆంటీని దింపడానికి బయల్దేరాం. నేను డ్రైవింగ్, ఆంటీ నా పక్క, మా అత్తగారు వెనక సీట్లో. "అత్తయ్యా, సమయానికి దేవుడే మీ కాలు ఆయన బూటు మీద వేయించాడు" అన్నాను.

"దేవుడెందుకు వేయిస్తాడే? ఆయన కాళ్ళు నా దారికి పక్కనెక్కడో ఉన్నయ్యి. ఎతుక్కుని మరీ తొక్కా" అన్నారు ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూ. "తొక్కినాక పాపం తగలకూడదని దండం మాత్రం నిజంగానే పెట్టుకున్నా."

స్టీరింగు పట్టుకుని పగలబడి నవ్వాను. పక్కన ఆంటీ, ఆవిడ ఏమన్నారని అడిగారు. ఆంటీ సంగతి నాకు తెలుసు. ఇది చెబితే వెంటనే కారు వెనక్కి తిప్పించి, గెలుపు వాళ్ళకిచ్చేసి వస్తారు. "ఏం లేదు ఆంటీ, కాలు నొప్పిగా ఉందంటున్నారు" అన్నాను. ఆంటీ అయ్యయ్యో అంటూ సంచీలో చాలాసేపు తడిమి, ఘాటైన చైనా మందు పట్టీ ఒకటి తీసి వెనక్కి అందించారు.

మా అత్తగారు దాన్ని బుద్ధిగా అంటించుకున్నారు. మళ్ళీ నరసరావుపేట వెళ్ళేదాకా, ఆంటీ మా ఇంటికొచ్చినప్పుడల్లా కుంటుతూనే వెళ్ళి తలుపు తీశారు, ఏ కాలు కుంటాలో ఒక్కసారి కూడా మర్చిపోకుండా.