ఉగ్గుగిన్నె సొట్టకు మజూరీ

లెక్కల మాస్టారు వెండి అమ్మితే ఎంత నాశనం జరుగుతుందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. పెళ్లయిన మూడో ఏటి సంగతి. అప్పట్లో లోకంలో నాకు తెలియనిదంటూ లేదు. ఆ మాట నా భార్య సరోజినికి తప్ప అందరికీ చెప్పేవాణ్ణి.

ఒడిశాలోని బరంపురంలో, గోసాని నువాగాం పేటలో మా కాపురం. సరోజిని చెల్లెలి పాపకు శుక్రవారం అన్నప్రాశన. ఆ పనులకని సరోజిని వారం ముందే గంజాంలో పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని ఫోనులో వెండి ధర చూశాను. పైపైకి పోతోంది. బీరువా వెనక అరలో వెతికితే పాతగుడ్డలో చుట్టిన ఉగ్గుగిన్నె దొరికింది. అదే, పసిపిల్లలకు పాలుపట్టే ముక్కుగిన్నె. మాడిన కాకరకాయలా నల్లగా ఉంది, పైగా అంచున ఒక సొట్ట. ఇది అమ్మేసి పాపకు కొత్త గిన్నె కొంటే సరోజిని మురిసిపోతుందనుకున్నాను. ఆవిణ్ణి ఒక మాట అడగొచ్చు కదా అంటారా? అడిగి ఉంటే ఇప్పుడు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

పెద్ద బజారులో వెండి షావుకారు నాకు తెలిసినవాడే. ఒడియావాడు, మాటకోసారి మర్యాదగా 'ఆగ్యా' అంటాడు గాని, తెలుగు మాత్రం మనలాగే మాట్లాడతాడు. గీటురాయి మీద గిన్నె గీసి నిట్టూర్చాడు.

"మాస్టారూ ఆగ్యా, పాత వెండి. ముక్కు కాడ టంకం ఉన్నాది. కరిగిస్తే తరుగు పోద్ది."

"ఎంత పోద్ది?"

"పోయినంత పోద్ది."

బడిలో ఏ పిల్లవాడైనా ఈ జవాబు చెబితే బెంచీ ఎక్కించేవాణ్ణి. షావుకారుకు మాత్రం తలూపాను.

తరుగు తీసేసి, మిగిలిన విలువకు కొత్త గిన్నె ఒకటి చూపించాడు. తళతళలాడుతోంది గాని, చేతిలో ఉన్నట్టే తెలియలేదు.

"ఇదేటి షావుకారూ, గిన్నె ఇస్తే దాని పిల్లనిచ్చినావు?"

"కొత్తదానికి మజూరీ ఉంటాది కదా ఆగ్యా. ఆపైన తరుగు."

"తరుగు ఇందాకే తీసినావు కదా?"

"అది కరిగించినప్పటి తరుగు. ఇది సేసినప్పటి తరుగు. దేనిది దానిదే."

సబబుగానే తోచింది. రెండు తరుగులూ నా నెత్తినే పడ్డాయని, ఇంటికొచ్చి స్కూటరుకు స్టాండు వేస్తున్నప్పుడు తట్టింది.

బుధవారం సాయంత్రం సరోజిని ఫోను చేసింది.

"ఏటండీ, బీరువాలో మా అమ్మమ్మ ఉగ్గుగిన్నె ఉన్నాది. మర్సిపోకుండా తెండి. అమ్మ, నేను, సెల్లి, అందరం తొలిముద్ద అందులోనే తిన్నాం. అది నేకపోతే అమ్మ పాపకి ముద్ద పెట్టదు."

"ఏ గిన్నె?" అన్నాను.

"నల్లగా, సొట్టతో ఉంటాదే, అదే. సిన్నప్పుడు నేను ఇసిరేస్తే పడిన సొట్ట. కనబడనేదా?"

"కనబడింది," అన్నాను. అబద్ధం కాదు. కనబడటం వల్లే కదా ఇంత అనర్థం!

ఆ రాత్రి భయంతో అన్నం సహించలేదు. ఆ గిన్నె లేకుండా గంజాంలో దిగితే అత్తవారింట్లో తలెత్తుకునేదెలా? తెల్లారగానే కొట్టుకు పరిగెత్తాను. దేవుడి దయవల్ల షావుకారు గిన్నెను కరిగించలేదు. అద్దాల బీరువాలో మల్లెపువ్వులా తెల్లగా మెరుస్తోంది.

"ఎంత మంచి పనితనం ఆగ్యా! కరిగించడానికి సెయ్యాడనేదు. సొట్ట తీయించి మెరుగెట్టించినాను. దీని మజూరీ మరి కాస్త ఎక్కువ."

"నిన్నగాక మొన్న పాత వెండన్నావు!"

"అప్పుడు మీరు అమ్మినారు. ఇయ్యాల కొంటన్నారు."

"పోనీ, నీ కొత్త గిన్నె నువ్వు తీసుకో."

"గడప దాటినాక అది కూడా పాతదే కదా. తరుగు తీస్తాను."

నాకు ఒళ్లు మండింది. "అసలు ధర పెరిగితే లాభం ఎవరికయ్యా?"

షావుకారు నాకు టీ పోస్తూ నింపాదిగా చెప్పాడు. "ధర మీద బతికితే మా తాతే ఈ కొట్టు మూసీసును. వచ్చినప్పుడొక రవ్వ, ఎల్లినప్పుడొక రవ్వ మిగిలితే మాకు సాలు. మీలాటోలు మళ్లీ వస్తే ఇంకా మంచిది."

అన్నప్రాశనకు కట్టుకుందామనుకున్న పట్టు పంచె మీద ఆశ వదులుకుని, కొత్త గిన్నెకు ఆ డబ్బు కూడా కలిపి పాత గిన్నె కొన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, సొట్ట! సొట్ట లేకపోతే మా అత్తగారు గుర్తుపట్టరు.

"షావుకారూ, సొట్ట మళ్లీ పెట్టించు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "పెట్టిస్తాం. మజూరీ అవుద్ది."

"సొట్టకి కూడా మజూరీయా?"

"తియ్యడానికి పని, ఎయ్యడానికి పని కాదా ఆగ్యా? ఏ పక్క?"

కళ్లు మూసుకుని ఆలోచించాను. "ముక్కుకి కుడిపక్క," అన్నాను, నల్లబల్ల ముందు నిలబడ్డంత ధీమాగా.

శుక్రవారం గంజాంలో మా అత్తగారు గిన్నె అందుకుని పొంగిపోయారు. "మెరుగెట్టించినారేటి బాబూ! ఎంత మంచి బుద్ధి!" నేను సిగ్గుపడ్డాను కూడా. ఆవిడ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పాయసం పోద్దామని గిన్నె ఎడంచేత్తో పట్టుకున్నారు. బొటనవేలు అంచు మీద ఏదో వెతికింది.

"ఇదేటి? నా ఏలు కూసునే సొట్ట ఇటుండాల కదా. అటెల్లిపోనాదేటి?"

సరోజిని గిన్నె వంక చూసింది. తరవాత నా వంక చూసింది.

"ఏటండీ, మెరుగెడితే సొట్ట నడుస్తాదా?"

ఇంటినిండా చుట్టాలు. మొదటి తరుగు దగ్గర్నుంచి చివరి మజూరీ దాకా అంతా కక్కేశాను. నవ్వాలో తిట్టాలో తెలియక అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ తేల్చుకునేలోపే, ఆకలితో ఉన్న పాప గిన్నెను ముక్కు పట్టుకుని లాగి నేలకేసి కొట్టింది. గిన్నె ఠంగుమని దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది.

సరోజిని తెచ్చిచ్చింది. అత్తగారు అంచు తడిమారు. ముక్కుకు ఎడమపక్క బొటనవేలు ఆగింది.

"ఉన్నాది!" అన్నారు. గిన్నెలో పాయసం పోసి పాపకు తొలిముద్ద పెట్టారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, నా కళ్లలోనూ.

సరోజిని నా చెవి దగ్గరికి వంగింది. "సూసినారా? మజూరీ అడక్కుండా ఏసీసింది."

ఆ రోజు అరిటాకు ముందు, అగ్నిసాక్షిగా కాకపోయినా ఆవకాయ సాక్షిగా ప్రమాణం చేశాను. సరోజినిని అడగకుండా ఆ బీరువా వెనక అర తెరవను. తెరిచినా గుడ్డ విప్పను. విప్పినా పెద్ద బజారు వైపు వెళ్లను. ఈ మాట ఇప్పటికీ తప్పలేదు. కాకపోతే ఎందుకైనా మంచిదని, రెండు సొట్టలకూ ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాను.