జలపాతం పైకి మోసిన చేపలు

మోకాటి లోతు మంచునీళ్లలో నిలబడి రిస్తెన్ దుడ్డుకర్రతో కొడుతోంది. దెబ్బకొక ట్రౌట్ చేప తల చితికి, వలలో తెల్లగా వెల్లకిలా పడుతోంది.

జలపాతం పైనున్న ఈ వాగులో అదివరకు చేపన్నది లేదు. ఇసుకతో ఒంటికి గొట్టం కట్టుకునే పురుగులు బొటనవేలంత పెరిగి, పట్టపగలే రాళ్ల మీద పాకేవి. వాటి కోసం బాతులొచ్చేవి. మొగుడు పోయాక ముప్పై వేసవులు ఆ బాతుల గుడ్లతోనే ఆమె కడుపు నింపుకుంది.

తొమ్మిదేళ్ల కిందట ఆమె తమ్ముడు యోవ్నా పదకొండు ట్రౌట్‌లను పాలక్యానులో వీపున మోసుకొచ్చి పైన వదిలాడు. అక్కడి ఆనవాయితీ ప్రకారం ఖాళీ నీళ్లలో చేపను వేసినవాడి పేరే ఆ నీళ్లకు నిలుస్తుంది మరి. అందరూ 'యోవ్నా వాగు' అనసాగారు. చేపలు పెద్ద పురుగులను గొట్టాలతో సహా మింగేశాయి. మిగిలిన సన్నవి రాళ్ల అడుగున నక్కాయి. బాతులు రెండు వేసవులు వెతుక్కుని, మూడో ఏట రావడం మానేశాయి.

ఇప్పుడు యోవ్నా నీళ్లలోకి దూకి ఆమె చేతిలో కర్ర పట్టుకున్నాడు.

"ఆపు అక్కా. అవి నావి."

"నీవైతే తీసుకెళ్లి నీ మంచం కింద పెంచుకో."

"నాలుగు గుడ్ల కోసం నా పేరు తుడిచేస్తావా?"

"నీ పేరు ఉడకేసుకు తినమంటావేంట్రా?"

అతను కర్ర గుంజాడు. ఆమె మోచేత్తో పొడిస్తే అతని మూతి పగిలింది. అతను జుట్టు పట్టి ఆమెను రాళ్ల మీదికి తోశాడు. వలలో ఇంకా కొట్టుకుంటున్న, అన్నిటికంటే పెద్ద చేపను లాగి నీళ్లలోకి విసరబోయాడు. నుదుటి నెత్తురు కళ్లలోకి కారుతుండగానే రిస్తెన్ లేచి, అతని చేతుల్లోనే దాని పొట్ట కత్తితో చీల్చింది.

లోపల పురుగన్నది లేదు. మూడు ట్రౌట్ పిల్లలున్నాయి, సగం అరిగి.

"తన పిల్లల్నే తింటోందే," అన్నాడు యోవ్నా.

"ఇంకేం మిగిలిందని?"

అతను ఆ చేపను అటూ ఇటూ తిప్పి చూశాడు. తల పెద్దది, ఒళ్లు తోలుపట్టీలా ఎండిపోయింది.

"కర్రిలా ఇవ్వు. తెచ్చింది నేను. నేనే కొడతా."

నాలుగు రోజులు కొట్టాడు. తర్వాత రెండు వేసవులూ వచ్చి, వల ఖాళీగా లేచేదాకా కొట్టాడు.

బాతులు మళ్లీ దిగేసరికి రిస్తెన్ పోయి రెండేళ్లు. యోవ్నా ఆమె చేసినట్టే గూటికి రెండేసి గుడ్లు వదిలి, మిగతావి ఉడకేసుకుని, ఒడ్డున కూర్చుని ఒక్కడే తిన్నాడు.