బెల్లంముక్కకు దిగని దుమ్ము

మొయినాబాదులో చేవెళ్ల రోడ్డు పక్కన ఇరవై రెండేళ్లు పంక్చర్ల దుకాణం నడిపాను. ఆరో తరగతిలోనే బడి వదిలేశాను. లెక్కల సారూ, నేనూ ఇద్దరం సంతోషపడ్డాం. చదువు రాకపోయినా మాట వచ్చింది. మాట వచ్చినవాడికి ఇంతకు మించిన పని లేదు. చక్రం నా చేతిలో ఉన్నంతసేపూ మనిషి ఎక్కడికీ పోలేడు, నా జోకు పూర్తిగా వినాల్సిందే.

నా భార్య పోయాక దుకాణం ముందున్న చెక్కబల్లే నాకు ఇల్లయింది. ఇంట్లో మాట్లాడితే గోడలు వింటాయి గానీ నవ్వవు. అందుకే పొద్దున ఏడింటికే షట్టరు ఎత్తేవాణ్ణి, చీకటి పడ్డా దించబుద్ధయ్యేది కాదు.

దుమ్ముకు తక్కువేం లేదు. శంకర్‌పల్లి వైపు వెంచర్లకు కంకర మోసే టిప్పర్లు, చిల్కూరు పోయే డీజిలు ఆటోలు, ఆదివారమైతే మంచి గాలి కోసం అజీజ్‌నగర్ ఫాంహౌసులకు వచ్చే కార్లు. వాళ్ల పొగ నాకు, మా ఊరి గాలి వాళ్లకు. సాయంత్రం ముక్కు చీదితే రుమాలు నల్లబడేది. దానికి మా దగ్గర ఒక మందుంది, కంకర మిషను దగ్గర పనిచేసేవాళ్లు నేర్పింది. పని దిగాక బెల్లంముక్క తిని నీళ్లు తాగితే రోజంతా మింగిన దుమ్ము దిగిపోతుందట. ఇరవై రెండేళ్లూ ఒక్క రోజు తప్పకుండా తిన్నాను. మాస్కు మాత్రం పెట్టుకోలేదు. పెడితే జోకు సగమే బయటికొస్తుంది.

పోయిన చలికాలం లారీ టైరు ఎత్తబోతే ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. రోజూ నా బల్ల మీద చాయ్ తాగే ఆటో తమ్ముడు దవాఖానకు తీసుకుపోయాడు. పరీక్షలయ్యాక డాక్టరమ్మ అడిగారు.

"బీడీలెన్ని తాగుతరు?"

"ఒక్కటి గూడ ముట్టలే మేడం."

"నిజం చెప్పుండ్రి."

"అబద్ధమాడేటోన్నైతే సర్పంచ్ ఎలక్షన్లల్ల నిలబడుదును."

ఆమె నవ్వలేదు. గుండెకు నెత్తురు తీసుకెళ్లే నాళం ఒకటి సగానికి పైగా పూడుకుపోయిందన్నారు. బీపీ కూడా ఉంది కాబట్టి దుమ్మొక్కటే కారణమని చెప్పలేననీ, కానీ ఏళ్ల తరబడి పొగ, సన్న దుమ్ము పీల్చేవాళ్లకు నాళాల గోడలు వాచి కొవ్వు పేరుకునే ప్రమాదం ఎక్కువనీ చెప్పారు.

"రోజూ బెల్లం తింటున్న గద మేడం."

"బెల్లం కడుపులకు పోతది. దుమ్ము ఊపిరితిత్తులకు పోతది. రెండు యాడనో కలుసుకుంటయని మీకెవరు చెప్పిండ్రు?"

జేబులో ఉన్న బెల్లం పొట్లం మీద చెయ్యి పెట్టుకున్నాను.

"మందులు మానొద్దు. ఆ రోడ్డు మీద ఇగ కూసోవద్దు," అన్నారు.

మందులు మింగడం తేలికే. బల్లను వదలడమే మింగుడు పడలేదు. నెల రోజులు సాగదీసి, చివరికి చేవెళ్ల దాటాక రోడ్డుకు మూడు కిలోమీటర్లు లోపల ఒక చామంతి తోటకు కాపలా కుదిరాను. గాలి బాగుంది. ఎంత బాగుందంటే, అందులో మనిషి వాసనే లేదు. యజమాని ఆదివారం వచ్చి పూలు చూసుకుని పోతాడు. మొదటి వారం చామంతులకు రెండు జోకులు చెప్పాను. తలలూపాయి, గాలికి.

నిన్న ఆటో తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, బండి పంచరైంది. నీ జాగల కొత్తోని దగ్గర కూసున్న."

"ఎట్ల చేస్తుండు?"

"మంచిగనే చేస్తుండు. నోరే తెరుస్తలేడు. నువ్వెప్పుడొస్తవు?"

"మీ వదిన దగ్గరికి జల్ది పోవాల్నంటే రేపే వస్త."

అవతల నవ్వు రాలేదు.

"గట్లనకన్నా. నువ్వు ఆడనే ఉండు."

"నువ్వే ఒకపారి రారాదు?"

"వస్త. జర గిరాకి తగ్గనీ."

వెనక ఏదో బండి హారన్ కొడుతుంటే పెట్టేశాడు. ఆ రోడ్డు మీద గిరాకీ తగ్గదని ఇద్దరికీ తెలుసు.

చామంతి మడికి నీళ్లు వదలడానికి మోటారు దాకా గట్టెక్కి నడిచాను. ఛాతీలో బరువేమీ అనిపించలేదు. ఆ సంగతి చెబుదామని చుట్టూ చూశాను.