కళ్లం మధ్య తీతువు

మా ఆవిడ పోయిన బుధవారం ఉదయం ఆరున్నరకు ఆస్పత్రిలో చనిపోయింది. మర్నాడు సమాధి చేశాం. వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు, టీచరుగారికి ఎంత ఓర్పో అని. నేను తల ఊపాను. వాళ్ళెవరూ ఆమెతో కలిసి నడిచినవాళ్ళు కారు.

ఇది చదివే మీలో చాలామందికి ఆమె లెక్కల టీచరు. నాకు మాత్రం పాతికేళ్ళుగా ఎక్కడికీ వేళకు చేరనివ్వని మనిషి. బ్రాడీపేటలో మా ఇంటి నుంచి బజారు పది నిమిషాల దారి. ఆమెతో వెళ్తే ముప్పావుగంట. కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపిస్తే నడిరోడ్డు మీద ఆగిపోయేది. వెనక రిక్షా అతను గంట కొట్టేవాడు.

"పక్కకు జరగండమ్మా."

"ఒక్క నిమిషం ఆగు నాయనా, ఎగిరిపోద్ది."

నేను ఎవరో పరాయివాడిలా ముందుకు నడిచేవాణ్ణి.

ఆదివారం మరీ కష్టం. గుడిలో ప్రార్థన అయ్యాక ఇంటికి రాకుండా అటే ఏటుకూరు రోడ్డు పట్టి ఊరు దాటాలి. పత్తిచేలూ, మిరపచేలూ, మధ్యలో కుంటలు. ఆరాధనకు కట్టుకున్న చీర కుచ్చిళ్ళ నిండా పల్లేరుకాయలు. ఇంటికొచ్చాక వాటిని ఏరేది నేను. ఎండ, ఆకలి, ఏం మనుషులమే అంటే, "ఆఫీసుకు నడిచినట్టు నడుస్తారు మీరు. ఊళ్ళో కాపురం ఉంటే కళ్ళు కూడా ఊళ్ళోనే ఉండాలా?" అనేది.

ఎనభై ఆరు మార్చిలో ఆ రోడ్డు పక్క ఒక రైతు మిరప కళ్లం చేశాడు. ఎప్పుడూ మాకు మంచినీళ్ళిచ్చే రైతే. కాయలు ఆరబోయడానికి చదును చేసిన ఆ నేల మధ్యలో తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. అది గూడు కట్టదు, వట్టి నేల మీదే పెడుతుంది. రాయికీ గుడ్డుకీ తేడా తెలియదు. కూలీలు తొక్కుతారని ఈవిడ నాకు చెప్పకుండా శనివారం ఒక్కతే వెళ్ళి, చుట్టూ నాలుగు పుల్లలు పాతి, వాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టి వచ్చింది.

సోమవారం పొద్దున్నే రైతు మా గుమ్మంలో ఉన్నాడు.

"సారూ, కళ్లంలో ఎవరో చేతబడి చేశారని కూలోళ్ళు గట్టు మీదే కూచున్నారు. ఎర్రగుడ్డలు, మధ్యన మచ్చల గుడ్లు. పైన ఆ పిట్ట అరుపొకటి. కాయంతా కుప్పల మీదుంది, ఆకాశం చూస్తే మబ్బు. నాలుగు చినుకులు పడితే సరుకంతా తెల్లబడి తాలైపోద్ది. మీ ఆవిడగారు అటు తిరుగుతుంటారని వచ్చా."

"నిమ్మకాయ ఒక్కటే మరిచిపోయినట్టుంది," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. బడికి సెలవు చీటీ పంపి, స్కూటరు తీయమంది. కళ్లంలో పుల్లలు పీకి, గుడ్ల పక్కనే గొంతుక్కూర్చుంది. తీతువు అరుస్తూ వచ్చి ఆమె నెత్తి మీదికే దూకింది. గట్టు మీద ఆడవాళ్ళు మొదట కేకలు పెట్టారు, తర్వాత నవ్వారు. అందరిలోకీ పెద్దావిడ దిగి వచ్చి వంగి చూసింది.

"చేతబడీ లేదు, పాడూ లేదు. దానికి నెలలు నిండినయ్యి. లేపమాకండే," అంది.

మంచమంత జాగా వదిలి చుట్టూ కాయ పోశారు. రైతు మాత్రం, "పిల్లలు లేచేదాకానే టీచరమ్మా, ఆ తర్వాత మాటొద్దు," అన్నాడు.

పిల్లలు లేవడం చూడాలని ఆమె పట్టుదల. గుడ్లు పగిలిన పూటే పిల్లలు లేచి నడిచిపోతాయి, ఆ పూట తప్పితే మళ్ళీ కనబడవు. మూడో వారంలో ఆమెకు గుండె నొప్పి వచ్చింది. నెల రోజులు మంచం దిగకూడదన్నాడు డాక్టరు. ఇక ఆఫీసు నుంచి రోజూ నేను వెళ్ళి రావలసి వచ్చింది.

"ఏం చేస్తోంది?"

"కూర్చుంది."

"ఎటు తిరిగి?"

"ఎటు తిరిగితే ఏంటే? గుడ్ల మీద కూర్చుంది."

"రేపు సరిగ్గా చూసి రండి."

ఒక సాయంత్రం వెళ్ళేసరికి కూలీలందరూ చేతులాపి నిలబడి ఉన్నారు. నాలుగు పిల్లలు, ఒక్కొక్కటి నిమ్మకాయంత. తల్లి దూరం నుంచి పిలుస్తోంది. అవి మిరపకాయల ఎరుపు మీదుగా పడుతూ లేస్తూ పత్తిచేలోకి వెళ్ళిపోయాయి. అంతే. ఏ ఆసక్తీ లేని నాకు కనిపించాయి.

ఇంటికొచ్చి చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

"ఎలా నడిచాయి?" అంది చివరికి.

"పిల్లలు నడిచినట్టే నడిచాయి."

"అలా కాదండీ. నడిచి చూపించండి."

నాకు యాభై రెండేళ్ళు. ఆఫీసు బట్టల్లోనే ఉన్నాను. కిటికీ తీసే ఉంది, ఎదురింటివాళ్ళు వరండాలో ఉన్నారు. మోకాళ్ళు వంచి, మెడ ముందుకు చాచి, మంచం కాళ్ళ దగ్గర నుంచి గుమ్మం దాకా గబగబా నాలుగడుగులు వేసి, టక్కున ఆగి, మళ్ళీ నాలుగడుగులు వేశాను.

ఆమె ఇటు తిరిగింది. దిండు మీద మోచెయ్యి ఆనించి, కరెంటు తీగ మీది పిట్టను చూసేంత శ్రద్ధగా నన్ను చూసింది.

"మరీ అంత తొందరగానా," అంది. "ఇంకోసారి. మెల్లగా."