కందుల గోదాములో మనిషి జాడ

పోయినేడు నారాయణఖేడ్‌లో ఒక కందుల గోదాములో బస్తాలు కూలి ఓ హమాలీ చనిపోయాడు. అతను బస్తాల వరసల మధ్య ఒక సందులో ఉంటే అందరూ ఇంకో సందులో వెతికారట. నాలుగు గోడల మధ్య మనిషి ఎక్కడున్నాడో రేడియో తరంగాలతో కనిపెట్టే పరికరం మీద నా మనవరాలు స్వాతి పరిశోధన చేస్తోంది. ఆ కబురు విని బయలుదేరింది. జీవితమంతా ఫిజిక్స్ చెప్పి, ఇప్పుడు వినేవాళ్లు లేక నేనూ వెంటపడ్డాను.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున బస్సెక్కితే సంగారెడ్డి, జోగిపేట మీదుగా పది దాటాక దిగాం. టికెట్టు చవకే, నడుము ఖర్చు వేరు. బస్టాండులో ఆటో అబ్బాయికి గోదాము పేరు చెప్పగానే వెనక్కి తిరిగి చూశాడు.

"ఆడికెందుకవ్వా? పోయిన పానం తెస్తరా ఏంది?"

"ఉన్నవాళ్లది పోకుండా చూద్దామని" అన్నాను.

గోదాము యజమాని బసప్ప చాయ్‌తో ఎదురొచ్చాడు. లోపల ఒక్క బస్తా లేదు. నేల ఊడ్చి నీళ్లు చల్లారు. "మీరొస్తుండ్రని అన్నీ షెడ్డుకు తీయించిన. మంచిగ కొలుసుకోండ్రి" అన్నాడు. పెళ్లిచూపులకు సర్దిన ఇల్లులా ఉంటే మేమూ మురిసిపోయాం. స్వాతి మూలల్లో సిగ్నల్ అందుకునే పెట్టెలు బిగించి, చిన్న ట్రాన్స్‌మీటర్ పట్టుకుని నడుస్తూ ఎక్కడ సిగ్నల్ ఎంత వస్తోందో కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తర్వాత వచ్చే సిగ్నల్‌ని ఆ కొలతలతో పోల్చి మనిషి ఎక్కడున్నాడో పరికరం చెబుతుంది. నేను నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టాను.

మధ్యాహ్నం సాయమ్మ జొన్న రొట్టెలు తెచ్చింది. పోయిన హమాలీ ఆమె తమ్ముడు. పెనిమిటి మల్లయ్య ఇంకా అక్కడే మోస్తున్నాడు.

"గీ డబ్బా సక్కగ చెప్తెనే మా ఆయన్ని లోపటికి పంపుత, అవ్వా. లేకుంటె పట్నం పోయి మట్టి మోస్తం" అంది.

సాయంత్రానికి బస్తాలన్నీ మళ్లీ లోపల పేర్చారు. మల్లయ్య ట్రాన్స్‌మీటర్ నడుముకు కట్టుకుని వాటి మధ్యకు వెళ్లాడు.

"మూడో సందు" అంది స్వాతి.

సాయమ్మ అటు వెళ్లి పిలిచింది. మొదటి సందులోంచి నవ్వు వినబడింది. "ఈడున్ననే!"

ఆమె నవ్వలేదు. "మా తమ్మున్ని గూడ గిట్లనే అవతల దేవులాడిండ్రు."

తప్పు అప్పుడు తట్టింది. మేం కొలిచింది ఖాళీ గోదాము. సిగ్నల్‌ని కందులు మింగేస్తుంటే ఆ కొలతలు ఎందుకు పనికొస్తాయి? మర్యాద చేసినవాడికీ, చేయించుకున్న మాకూ బుద్ధి లేదు. బస్తాల మధ్యే మళ్లీ కొలిచాం. ఈసారి పరికరం రెండుసార్లు సరిగ్గా చెప్పింది. మూడోసారి పక్క సందు చూపించింది. పైగా సీజన్‌లో బస్తాలు రోజూ కదులుతాయి, వాటితో పాటే కొలతలూ మారతాయి.

"ఇంకా నమ్మడానికి లేదు" అంది స్వాతి, తల వంచుకుని.

"మూడిట్ల రెండంటె మంచిదే గదమ్మా?" అన్నాడు బసప్ప.

"మూడోపారి నీ కొడుకును పంపు, సేటు" అంది సాయమ్మ.

మల్లయ్య నడుముకున్న ట్రాన్స్‌మీటర్ విప్పి బల్ల మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున హైదరాబాద్ బస్సులో మా ముందు సీట్లో ఆ దంపతులు, వాళ్ల మూట. రెండు గజాల తేడా లాబొరేటరీలో గర్వంగా చెప్పుకునే ఫలితం. గోదాములో రెండు గజాలంటే పక్క సందు. ఇలాంటి పనికి మీరూ వెళ్తుంటే ఒక్క మాట: నడుముకు దిండు మరిచినా ఫరవాలేదు గానీ, మా కోసం ఏదీ సర్దొద్దని ముందే కబురు పెట్టండి.