మావయ్య బండి ఆగిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది చెడినా అందరి చూపూ ముందు నా మీదకే వచ్చేది. పాలు విరిగినా, గొళ్ళెం ఊడినా నేనే కారణం. ఆ నిందల్లో చాలా వాటిని వదిలేశాను. ఒక్కటి మాత్రం వదల్లేదు.

అప్పుడు నాకు పదేళ్ళు. నౌపడ ఉప్పు మడుల దగ్గర మా మేనత్త ఇంట్లో ఉండేవాళ్ళం. దసరా వెళ్ళిన మూడో రోజు తుఫాను పట్టింది. పగలే చీకటి కమ్మింది. సముద్రం హోరు వంటింట్లోకి వినిపించేది. బస్సులు ఆగిపోయాయి. ఆ రోజే నాలుగేళ్ళ మా తమ్ముడికి జ్వరం ఎక్కువై మెడ బిగుసుకుపోయింది. వాడు ఏడవడం మానేశాడు. అందుకే అందరం భయపడ్డాం. టెక్కలి ఆసుపత్రికి వెళ్ళాలంటే మావయ్య పాత మోటారు సైకిలు ఒక్కటే దిక్కు.

అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. బండి వీధి చివర దాకా వెళ్ళి, దగ్గి, ఆగిపోయింది. మావయ్య ప్లగ్గు తుడిచాడు, కార్బురేటరు స్క్రూ తిప్పాడు, ట్యాంకు మూత తీసి చూశాడు. పెట్రోలు నిండుగా ఉంది. మూత పెట్టి తంతే స్టార్టయింది. నిలబెట్టిన చోటే కాసేపు గుడగుడలాడి మళ్ళీ ఆగింది. ఇంకోసారి మూత తీసి పెట్టినా అంతే. బండి బయల్దేరేటప్పుడు నీళ్ళకెళ్తూ ఎదురుపడ్డ నా చేతిలో ఇంకా ఖాళీ బిందె ఉంది. వీధి వీధంతా వింటుండగా అత్త అంది:

"ఈ ఆడగుంట ఎదురొచ్చినాది. ఇంక బండి నడుస్తాదేటి? పిల్లోడికి ఏటైనా అయితే దీన్దే పాపం."

అమ్మ కూడా నా వైపు అలాగే చూసింది.

ఉప్పు మడులకు నీళ్ళు తోడే ఇంజిను నడిపే తాత అప్పుడే అటు వచ్చాడు. అందరూ ఆయనకు ఏదో ఒకటి చెబుతున్నారు. ఆయన నన్ను అడిగాడు, నువ్వేం చూశావని. మూత తీసి పెట్టినప్పుడల్లా కాసేపు బాగా నడుస్తోందన్నాను. అంతవరకు ఆ మాట నన్నెవరూ అడగలేదు.

ఆయన బండి నడవనిచ్చి, అది దగ్గడం మొదలుపెట్టగానే నా చెవి ట్యాంకు దగ్గర పెట్టించి, మూత మెల్లిగా తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఇంజిను కుదుటపడింది.

"పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి రావాల కదా, బాబూ. దీని ముక్కు మూసీసినారు," అన్నాడు మావయ్యతో.

మూత మీద చిన్న బెజ్జం ఉంది. దసరా పూజకు బండికి పెట్టిన పసుపూ కుంకుమా అందులో గట్టిపడి ఉన్నాయి. ఆ పూజ చేసింది అత్త. నేను నోరు తెరవబోయాను. తాత నా జడలోని పిన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

"ఎవులు మూసినారో తరవాత సూద్దాం. ముందు తియ్యి."

తీశాను. బండి వానలో కలిసిపోయింది.

తమ్ముడు బతికాడు గానీ కుడి చెవి పోయింది. ముందే తెచ్చి ఉంటే దక్కేదేమో అన్నారట డాక్టరు. ఆ పాపం కూడా నాదేనని అత్త చాలా ఏళ్ళు చెప్పుకుంది. పసుపు మాట ఒక్కనాడూ ఎత్తలేదు.

తాత చెప్పిన మొదటి పని ఇప్పటికీ చేస్తాను. ఇంట్లో ఏది ఆగిపోయినా మనుషుల ముఖాలు చూడను, ఎక్కడ మూసుకుపోయిందో వెతుకుతాను. ఎవరు మూశారో తరవాత చూద్దామన్న రెండోదే మిగిలిపోయింది. అత్త పోయి ఇరవై ఏళ్ళు దాటింది. నేనింకా చూస్తూనే ఉన్నాను.