మా ఆవిడ కట్టిన వెనక చక్రం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు బస్సు రాకపోయేసరికి, ఈ దీవిలో రంగత్ టౌను ఎంత దూరం, ఈ మాత్రానికి బస్సు దేనికని కోతలు కోసి, మా అమ్మాయి లేడీస్ సైకిలు తీసి మా ఆవిడని వెనక ఎక్కించుకున్నాను. పదింటికి అక్కడ తనకి అంగన్‌వాడీ టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం.

సగం దారిలో వెనక టైరు పక్కకి చిరిగి, ట్యూబు పేలిపోయింది. నేను టైరుని తన్నాను, బస్సువాళ్ళని తిట్టాను, ఆ తర్వాత ఏమీ తోచక నిలబడ్డాను. ఆపుదామంటే ఒక్క బండీ రాలేదు.

మా ఆవిడ పుట్టింటివాళ్ళు వలలు అల్లేవాళ్ళు. ఆ ఇంటి ఆడవాళ్ళకి ఊరికే కూర్చోవడం చేతకాదు. బస్టాపులోనైనా, ఆసుపత్రి వరసలోనైనా సంచిలోంచి నైలాన్ దారం తీసి అల్లుతూనే ఉంటారు. నలుగురిలో ఏమిటా పని అని నేను విసుక్కోని రోజు లేదు.

సర్టిఫికెట్ల సంచి నా మెడలో వేసి, ఇస్త్రీ చీర ఎగదోపుకుంది. టిఫిను డబ్బాలోని చెంచాతో టైరు ఊడదీసింది. రోడ్డు పక్కన పడున్న కొబ్బరి డొక్కల్ని నాచేత రాయితో చితక్కొట్టించి, ఆ పీచంతా టైరులో కుక్కింది. సగం అల్లిన వలని విప్పేసి, ఆ దారాన్ని చువ్వల మధ్యనుంచి లాగి టైరునీ రిమ్మునీ కలిపి కట్టింది. అడ్డొస్తుందని వెనక బ్రేకు ఊడదీసింది. ఏ ముడీ రెండోసారి వేయలేదు. అబ్బ, ఏం చేతులవి! నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

తీరా నేను సీటెక్కబోతే ఆపింది.

"బస్, ఇంక చాలు, మీరెక్కకండి. ఇద్దరికీ ఆగదిది. నానెల్తాను, మీరు పైదల్ రండి."

నా మెడలోని సంచి తీసుకుని, ఆ గట్టి చక్రం మీద ఎగిరెగిరి పడుతూ మలుపు దాటిపోయింది. ఆ ఎండలో నడుస్తూ దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకున్నాను.

నేను చేరేసరికి పదకొండు దాటింది. తను ఆఫీసు బయట కూర్చుని టిఫిను తింటోంది. వెళ్ళిన కాసేపటికే పేరు పిలిచారట.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆ దారిన రోజూ తనే సైకిలు తొక్కుకుంటూ వెళ్తుంది. నేను దింపనా అని అడిగితే నవ్వుతుంది.

"మీతోటైతే ఆలీసమైపోద్దండీ."